బయట అని చెప్పగలిగిన మనిషి

బస్సు డిపోలో టైర్లు విప్పి బిగించే ఫిట్టరు, పెళ్ళాం పోయిన మర్నాడు కూడా ఎప్పటిలాగే గడ్డం గీసుకున్నాడు. కాలనీ అంతా దాన్నే పట్టుకుంది. కన్నీటి చుక్క రాలలేదు సరే, అది ఎవరి తత్వం వాళ్ళది, కానీ గడ్డం కూడా గీసుకోవాలా అని ఇంటింటా చెవులు కొరుక్కున్నారు. అతను ఆ నున్నటి గడ్డంతోనే వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేశాడు. చాలకపోతే పక్కిళ్ళలోంచి తెచ్చి వేశాడు. అందరూ వెళ్ళాక ఏ కుర్చీ ఎవరిదో గుర్తుపెట్టుకుని, తుడిచి, తిరిగి ఇచ్చేశాడు. ఏడవడం అని ఒక పని ఉందనీ, ఆ ఇంట్లో అది తన వంతనీ అతనికి తట్టనే లేదు.

రాయిగుండె అన్నారు. అంత లేదు. పన్ను పీకేముందు మత్తుసూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా అయిపోయాడు. నాలుకతో తడుముకుంటే అక్కడ ఏదో ఉన్నట్టు తెలుస్తుంది, అది తనది కానట్టు ఉంటుంది. పొద్దున్నే లేచేవాడు, గుడ్లు ఉడకేసేవాడు, డిపోకి పోయేవాడు. అరిగిన టైరుని అరిగిందనేవాడు. సాయంత్రం తాళం తీసుకుని లోపలికి వచ్చేవాడు.

కూతురు అదే ఇంట్లో ఉంటోంది. రక్తపరీక్షల లాబులో పని. తల్లి పోయిన కొత్తలో ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి తండ్రిని సూటిగా అడిగింది.

"నాన్నా, నీకు ఒక్కసారైనా ఏడుపు రాలేదా?"

"వస్తుందేమోనని చూస్తున్నానమ్మా," అన్నాడు అతను. ఆలస్యమైన బస్సు గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆ పిల్ల లోపలికి పోయింది. ఆ తర్వాత తండ్రీకూతుళ్ళ మధ్య పాలు, తాళం, కరెంటు, గాసు, ఈ మాటలే మిగిలాయి.

పోయిన మనిషి సంగతీ చెప్పాలి. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరు. ఆ గొంతుకి వీధికుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. మొహమాటం అనేది ఏ దుకాణంలో అమ్ముతారో కూడా తెలియని మనిషి. కమ్యూనిటీ హాలు వెనక పిచ్చిమొక్కలూ పగిలిన ఇటుకలూ పోగుపడ్డ జాగాని కాలనీవాళ్ళ చేత, నెలల తరబడి తిట్టి తిట్టి బాగుచేయించింది. మట్టి పోయించింది, రోలరు తనే లాగింది, సున్నంతో గీతలు గీసింది, మధ్యన వల కట్టి టెన్నిస్ కోర్టు అంది. బడిలో పాతబడిన రాకెట్లు తెచ్చి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. పళ్ళ డాక్టరు, దర్జీ, హెడ్ నర్సు, ట్యూషన్ల మాస్టరు, అంతా నడివయసులో ఆట నేర్చుకున్నవాళ్ళే. మంచాన పడ్డాక కూడా చూడవచ్చినవాళ్ళని వదల్లేదు. "ఎండలు తగ్గగానే లీగు పెడుతున్నాం. అందరూ అందరితో ఆడాలి. ఎవరు తప్పించుకుంటారో నేనూ చూస్తాను," అంది.

ఎండలు తగ్గాయి. చూడ్డానికి ఆవిడ లేదు.

ఒక సాయంత్రం కాలనీ ప్రెసిడెంటు వచ్చాడు. బాంకులో కాషియరుగా చేసి దిగినాయన. ఏదైనా సగంలో ఆగితే అన్నం సహించదు ఆయనకి. కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఏమోయ్ ఫిట్టరూ, ఆ కోర్టు సంగతి ఏం చేద్దాం?"

"ఏ కోర్టండీ?"

"ఏ కోర్టేమిటయ్యా, మీ ఆవిడ కోర్టు! వీధిలో కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. రోజూ పంచాయితీ నా గుమ్మంలోనే. అక్కడ గీతలు కొట్టించి కార్లు పెట్టిద్దామంటే కమిటీ అంతా సరేనంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తే ధైర్యం ఎవడికుంది చెప్పు?"

ఫిట్టరు గోడకేసి చూశాడు. మేకుకి ఆవిడ రాకెట్టు వేలాడుతోంది. దాన్ని చూస్తే ఏమైనా అనిపించాలి. అనిపించలేదు. నోరు మాత్రం దానంతటది తెరుచుకుంది.

"లీగు ఉందండి," అన్నాడు.

"ఏ లీగు?"

"ఆవిడ పెడతానంది కదండీ. ఆదివారం నుంచి."

"ఎవరు పెడుతున్నారు, నువ్వా? బంతి ఎటునుంచి పట్టుకోవాలో తెలుసా నీకు?"

"బంతి గుండ్రంగానే ఉంటుంది కదండీ. ఎటైనా ఒకటే."

ప్రెసిడెంటు నవ్వబోయి, అవతలి మనిషి నవ్వకపోవడం చూసి ఆపుకున్నాడు. చెడ్డవాడేం కాదు, టీచరమ్మ ముఖం చూసైనా ఒక అవకాశం ఇద్దామనుకున్నాడు. "సరే. లీగంటే మొదలుంటే సరిపోదు, చివర కూడా ఉండాలి. చలి ముదిరేలోగా గెలిచిందెవరో తేలాలి. తేలిందా, కోర్టు కోర్టుగానే ఉంటుంది, కమిటీ నోరు నేను మూయిస్తాను. తేలకపోతే పెయింటరు వస్తాడు, సున్నం డబ్బా పట్టుకుని."

ఆయన వెళ్ళాక లోపలిగది తలుపు చాటునుంచి కూతురు అడిగింది. ఎన్నాళ్ళకో పాలూ తాళమూ కాని మాట. "నిజంగా పెడతావా?"

"అన్నాను కదమ్మా," అన్నాడు. అంతకంటే కారణం అతని దగ్గరా లేదు.

లీగు మొదలైంది. హాల్లోంచి నల్లబల్ల తెచ్చి కోర్టు పక్కన నిలబెట్టారు. మొదటి ఆట దర్జీకీ పళ్ళ డాక్టరుకీ. దర్జీ అంటే పోయినావిడ తమ్ముడే, ఫిట్టరుకి బావమరిది. అంపైరు అంటూ ఎవరూ లేరు. తన వైపు పడ్డ బంతి గీతకి లోపల పడిందో బయట పడిందో ఎవరికి వాళ్ళే చెప్పాలి. ఆ పద్ధతి ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ ఈ కాలనీలో ఎలా చెల్లుతుంది? ఇక్కడ ఇంటికొచ్చినవాడు చెప్పులతో లోపలికి నడిచినా "పర్లేదండీ" అనే రకం అందరూ.

డాక్టరు కొట్టిన బంతి గీత దాటి, కోర్టు దాటి, హాలు గోడకి తగిలింది.

"లోపలే డాక్టరుగారూ, లోపలే!" అన్నాడు దర్జీ.

"ఎక్కడి లోపలయ్యా, గోడకి తగిలితేనూ!"

"లోపల పడే గోడకి తగిలింది లెండి. మీ దెబ్బలో అంత ఊపుంది."

ఇంత మర్యాద చేశాక డాక్టరు ఊరుకుంటాడా? తర్వాతి బంతిని దర్జీ ఆకాశానికి కొడితే, "అబ్బ, గీత మీద పడిందయ్యా, ఏం గురి!" అని అప్పు తీర్చేశాడు. టెన్నిస్‌లో ఇద్దరూ నలభై దగ్గర సమానంగా నిలిస్తే డ్యూస్ అంటారు. అక్కడినుంచి ఒకరే వరసగా రెండు గెలిస్తే గానీ ఆట తెగదు. ఆయనొకటి దానం, ఈయనొకటి దానం. ఇంక తెగేదెప్పుడు? పొద్దు వాలింది, టీ వచ్చింది, ఇద్దరూ చేతులు కలుపుకుని "సమానం" అనుకున్నారు. నల్లబల్ల మీద అదే రాశారు. ఇంటికెళ్ళి దర్జీ పెళ్ళాంతో, "ఆయన బంతి ఒక్కటంటే ఒక్కటి లోపల పడితే ఒట్టు, ఏదో నా మంచితనం," అన్నాడు. డాక్టరూ తన పెళ్ళాంతో పొల్లుపోకుండా అదే మాట అన్నాడు.

వారం వారం అదే వరస. నల్లబల్ల నిండా సమానం, సమానం, సమానం. ఒకరిని మించి ఒకరు మంచివాళ్ళై కోర్టుని కార్ల కిందకి తోసేస్తున్నారని ఒక్కరికీ తోచలేదు. ప్రెసిడెంటు ఒకరోజు బల్ల ముందు ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని చదివి, "ఇది లీగు కాదోయ్, పేరంటం. పెయింటరుకి కబురు పెట్టుకుంటాను," అని వెళ్ళిపోయాడు.

ఫిట్టరు వల విప్పి చుడుతున్నాడు. హెడ్ నర్సు బంతులు ఏరి సంచిలో వేస్తోంది. లావుపాటి మనిషి, ఆసుపత్రిలో టీచరమ్మకి చివరిదాకా చేసింది ఆవిడే.

"సిస్టరమ్మా, ఇదివరకు ఆటలు తెగేవి కదా?" అని అడిగాడు.

"తెగకేం అన్నయ్యా. ఇదివరకు వదిన ఉంది కదా. ఆ రోలరు మీద కూర్చుని 'బయట!' అని ఒక్క కేక పెట్టేది. హాల్లో పావురాలు లేచిపోయేవి. ఇంక మాట్లాడేందుకేముంది?"

"మరి మీకు కోపం రాదా?"

"వచ్చేది. వదిన మీద వచ్చేది. ఆవిడని తిట్టుకుంటూ ఆడేవాళ్ళం, ఆవిడని తిట్టుకుంటూ ఇంటికెళ్ళేవాళ్ళం. మాలో మాకు ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ తిట్లు తినేదెవరు?"

ఫిట్టరు వల చుట్టడం ఆపలేదు. పెళ్ళాం బతికున్న రోజుల్లో "నీకెందుకే ఆ పాడునోరు, అందరికీ చెడ్డవుతావు" అని అతనే ఎన్నోసార్లు అన్నాడు. అది గుర్తొచ్చింది. గుర్తొచ్చి, గోడకి కొట్టిన బంతిలా ఎక్కడికో పోయింది.

మరుసటి ఆదివారం డిపోలో పారేసిన బస్సు టైర్లు దొర్లించుకొచ్చాడు. వల పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన చెక్క వేసి, ఎక్కి కూర్చున్నాడు.

"ఏంటి బావా, బస్సు నడుపుతావా?" అని, డాక్టరుతో తెగని ఆట మళ్ళీ ఆడుతున్న దర్జీ పకపకా నవ్వాడు.

నవ్వు ఆగకముందే దర్జీ కొట్టిన బంతి గీత అవతల పడింది. డాక్టరు "లోప..." అనబోయాడు.

"బయట," అన్నాడు ఫిట్టరు.

పెళ్ళింట్లో ఎవరో తుమ్మినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సరిగ్గా చూశావా బావా?"

"చూశాను. బయట."

"ఇంచుమించు గీత మీద..."

"ఇంచుమించు కాదురా. బయట."

పోయినావిడ అరిచేది. ఇతను అరవలేదు. అరిగిన టైరు పట్టుకుని డ్రైవర్లు "ఇంకొక్క ట్రిప్పు అన్నా, నీకు పుణ్యముంటుంది" అని గడ్డం పట్టుకున్నప్పుడు "రాదు" అనే గొంతు ఒకటుంది అతనికి. అందులో కోపమూ ఉండదు, జాలీ ఉండదు. ఎంతమంది బతిమాలినా ఆ టైరు మళ్ళీ బస్సుకి ఎక్కదు. ఆ గొంతే ఇక్కడికి తెచ్చాడు. ఇంట్లో, వీధిలో, చావు పరామర్శల్లో ఎందుకూ పనికిరాని ఆ మొద్దుబారినతనం టైర్ల మీద కూర్చోగానే చక్కగా పనికొచ్చింది.

ఆటలు తెగడం మొదలుపెట్టాయి. ఓడినవాళ్ళు ఒంటికాలి మీద లేచారు. డాక్టరు బాహాటంగానే అన్నాడు: "పన్ను నొప్పంటూ నా కుర్చీలోకి రాకపోతాడా, అప్పుడు చూపిస్తాను ఏది లోపలో ఏది బయటో." దర్జీ అయితే మాటలే మానేశాడు. కుట్టడానికిచ్చిన బావ చొక్కాని గుండీలు కుట్టకుండా తిప్పి పంపాడు. ట్యూషన్ల మాస్టరు వీధిలో కనబడితే ఆకాశం చూస్తూ నడిచేవాడు. కానీ ఆదివారం తెల్లారేసరికి అందరూ హాజరు. ఇదివరకు రానివాళ్ళు కూడా ఇళ్ళలోంచి కుర్చీలు మోసుకొచ్చి కూర్చుంటున్నారు. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికాడు, కాలనీకి ప్రాణం లేచొచ్చింది.

అతనికి మాత్రం ఏమీ లేదు. వాళ్ళ కోపం బస్సు అద్దానికి అవతల కురిసే వానలా కనబడేది. తడి తగిలేది కాదు. ఒక్కోసారి తగిలితే బాగుండునని కూడా అనిపించేది కాదు.

అందరూ అందరితో ఆడేసరికి గెలుపుల లెక్కలో పైన ఇద్దరు సమానంగా నిలిచారు, హెడ్ నర్సూ, తల్లి దగ్గర ఆట నేర్చుకున్న ఫిట్టరు కూతురూ. ఆఖరి ఆట చలికాలపు ఆదివారం సాయంత్రం. ప్రెసిడెంటు మఫ్లరు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పక్కనే పెయింటరు, కాళ్ళ దగ్గర సున్నం డబ్బా. పిల్ల తల్లి రాకెట్టు మేకు మీదనుంచి తీసుకుని వచ్చింది. అంతే, ఆ రాకెట్టు చూడగానే ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు.

ఆట మొదట్లో బాగానే సాగింది. ఇద్దరూ పోటాపోటీగా వచ్చారు. తెగాల్సింది ఇంకొక్క గేము, అది కూడా డ్యూస్ దగ్గర నిలిచింది. అక్కడ నర్సుకి పాత మర్యాద జబ్బు తిరగబెట్టింది.

పిల్ల కొట్టిన బంతి గీతకి చాలా అవతల పడింది.

"బయట," అన్నాడు ఫిట్టరు.

"కాదన్నయ్యా, లోపలే," అంది నర్సు. "నా వైపు పడింది, నాకు తెలీదా? పాయింటు పాపదే."

"అవును, లోపలే!" అన్నారు జనం. "పాపం, తల్లి లేని పిల్ల!" అని ఎవరో అననే అన్నారు.

ఇదివరకు ఎవరూ ఇలా ఎదురు నిలవలేదు; ఆడుతున్న మనిషే పట్టుబట్టాక కాదనడానికి అతనికి దారి లేదు. పాయింటు పిల్లకి వెళ్ళింది. పిల్ల ముఖం గట్టిపడింది. వెంటనే వచ్చిన తేలిక బంతిని, చంటిపిల్లలైనా తిరగ్గొట్టే దాన్ని, ఆ పిల్ల నేరుగా వలలోకి కొట్టింది. మళ్ళీ డ్యూస్. నర్సు మళ్ళీ ఇచ్చింది. పిల్ల మళ్ళీ వలలోకి కొట్టింది. ఆవిడ ఇవ్వడం మానదు, ఈ పిల్ల పుచ్చుకోదు. వెలుతురు తగ్గుతోంది. హాల్లో కప్పుల చప్పుడు వినబడుతోంది, టీ వచ్చేస్తోంది. టీ వస్తే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. పెయింటరు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. ప్రెసిడెంటు ఫిట్టరు వైపు చూసి, నేనేం చేయనయ్యా అన్నట్టు చేతులు తిప్పాడు.

ఫిట్టరు టైర్ల మీదనుంచి దిగాడు. వల దాకా నడిచి నర్సుని దగ్గరికి పిలిచాడు.

"సిస్టరమ్మా, ఆసుపత్రిలో ఆ రోజు డాక్టర్లందరూ నాకు ఏవేవో చెప్పారు. చూద్దామన్నారు, ధైర్యంగా ఉండమన్నారు. మీరొక్కరే వరండాలో నిలబెట్టి 'లాభం లేదన్నయ్యా, పిల్లని పిలిపించుకో' అన్నారు. దానివల్ల మా పిల్ల వాళ్ళమ్మని కడసారి చూసుకుంది. ఆ రోజు అబద్ధం చెప్పని మనిషి ఇవాళ బంతి దగ్గర చెప్తారేంటి?"

గొంతులో నిష్ఠూరం లేదు. టైరు గురించి చెప్పినట్టే ఉంది. నర్సు రాకెట్టు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. వల అవతల పిల్ల విన్నది. ఆ వరండా సంగతి తండ్రి నోట వినడం ఆ పిల్లకి అదే మొదలు. అతను వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

ఆ తర్వాత నర్సు నిజంగా ఆడింది. పిల్లా నిజంగా ఆడింది. నర్సు ఒక పాయింటు గెలిచింది, దానమూ లేదు, ధర్మమూ లేదు. ఇంకొక్కటి గెలిస్తే ఆట ఆవిడది. బంతి అటూ ఇటూ చాలాసేపు తిరిగింది. చివరికి పిల్ల తల్లిలాగే మోకాళ్ళు వంచి, మూలకి చూసి, ఒళ్ళంతా పెట్టి కొట్టింది.

బంతి మూలన పడి మట్టి లేపింది. నర్సు నోరు తెరిచి, ఫిట్టరుని చూసి, మూసేసింది. "లోపలే," అని ఎవరో బతిమాలుతున్నట్టు అన్నారు. పిల్ల ఎటూ చూడకుండా తండ్రినే చూస్తోంది.

"బయట," అన్నాడు ఫిట్టరు.

ఆట అయిపోయింది. నర్సు గెలిచింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. దర్జీ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "నువ్వు మనిషివేనా బావా? దాని చేతిలో ఉన్నది మా అక్క రాకెట్టు! కన్నకూతురు!"

ఫిట్టరు టైర్ల మీదే కూర్చుని గీతకేసి చూశాడు.

పిల్ల వల దాటి అవతలి మూలకి నడిచింది. గొంతుక్కూర్చుని మట్టిలో బంతి దిగిన గుంటనీ, సున్నం గీతనీ చూసింది. మధ్యలో వేలు పెట్టింది. వేలు పట్టింది.

"బయటే మావయ్యా," అంది లేస్తూ. "కొట్టినప్పుడే తెలిసింది నాకు. అమ్మ ఉన్నా ఇదే అనేది. ఇంకా గట్టిగా అనేది." అని నర్సు దగ్గరికి వెళ్ళి చేయి పట్టుకుంది. నర్సు ఆ పిల్లని గుండెలకి అదుముకుని తండ్రీకూతుళ్ళిద్దరి బదులూ తనే ఏడ్చింది. ఈసారి చప్పట్లు పడ్డాయి.

ప్రెసిడెంటు నల్లబల్ల దగ్గరికి వెళ్ళి కింద మిగిలిన చోట నర్సు గెలిచినట్టు తనే గుండ్రంగా రాశాడు. రాసి, తృప్తిగా రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. "నీకు పని తప్పలేదోయ్," అన్నాడు పెయింటరుతో. "సున్నం ఎటూ తెచ్చావు. ఆ కోర్టు గీతలు అరిగిపోయాయి, పొద్దున్నే మళ్ళీ కొట్టు."

జనం టీకి హాల్లోకి వెళ్ళారు. ఫిట్టరుని పిలిచినవాళ్ళు లేరు. డాక్టరు మాత్రం పక్కనుంచి పోతూ, "పన్నెలా ఉంది?" అని దబాయించినట్టు అడిగి, జవాబు వినకుండా వెళ్ళాడు. అతను దిగి, చెక్క తీసి పక్కన పెట్టి, టైర్లు ఒక్కొక్కటే దించాడు. కూతురు వచ్చింది. రాకెట్టు భుజానికి తగిలించుకుని ఒక టైరు నిలబెట్టి తోయడం మొదలుపెట్టింది. ఇంటివైపు వీధి పల్లంగా ఉంటుంది. తండ్రి ఒకటి, కూతురు ఒకటి, దొర్లించుకుంటూ నడిచారు. వీధి దీపాలు వెలిగాయి.

"నాన్నా," అంది.

"ఊఁ."

"వచ్చిందా?"

ఏది వచ్చిందా అని అతను అడగలేదు. నడుస్తూనే లోపల తడుముకుని చూశాడు.

"ఇంకా లేదమ్మా."

"సరేలే," అంది పిల్ల. "ముందు నీ టైరు పట్టుకో, వెళ్ళిపోతోంది."

అతను పరిగెత్తి పట్టుకున్నాడు.